కరగిన లోహమే గోడయైనచో



నేటి ప్రసంగమున ఒక అగ్నిని గూర్చియు, ఆ అగ్ని చుట్టును కట్టవలసిన గోడను గూర్చియు మీతో మనవి చేయదలచినాను. ఇది మన పొయ్యిలోని అగ్ని కాదు. సూర్యుని గర్భమున వెలుగుచుండు అగ్ని. దానిని భూమి మీద ఒక యంత్రములో పుట్టించి, దానివలన విద్యుచ్ఛక్తిని సంపాదింపవలెనని శాస్త్రజ్ఞులు డెబ్బది యేండ్లకు పైగా పాటుపడుచున్నారు. ఆ పాటు కొంత ఫలించినది. ఇంకను పూర్తిగా ఫలింపలేదు. అడ్డుపడుచున్న చిక్కులలో గోడ యొకటి. కుండను కాల్చువానికి మంట ఎంత ముఖ్యమో ఆవము గోడయు అంత ముఖ్యమే యని మీరెఱుగుదురు. గట్టిగోడ ఓడిపోవుచోట కరగిన లోహము గోడగా నిలువగలదా యనునదే నేటి విషయము.

మొదట ఆ అగ్ని స్వరూపమును తెలిసికొందము. కట్టె మండునపుడు దానిలోని బొగ్గుపదార్థము గాలిలోని ప్రాణవాయువుతో కలియును. పరమాణువులు పైపైన మాత్రమే చేతులు కలుపుకొనును. సూర్యునిలో జరుగునది వేఱు. అచ్చట ఉదజని పరమాణువుల నడిమి బీజములే, అనగా కేంద్రకములే, ఒకదానిలో నొకటి కలిసిపోయి హీలియము అను మఱియొక పదార్థమగును. దీనినే కేంద్రక సంలీనము అందురు. ఈ కలయికలో రవ్వంత ద్రవ్యము తఱిగిపోయి అపారమైన శక్తిగా మాఱును. సూర్యుని నడిమి భాగమున వేడి సుమారు ఒకటిన్నర కోటి డిగ్రీలు.

భూమి మీద ఈ పనికి అనుకూలమైనవి ఉదజని జాతికి చెందిన రెండు బరువైన వాయువులు. ఒకటి డ్యుటీరియము. ఇది మనము త్రాగు నీటిలోనే యున్నది; ఉదజని పరమాణువులు సుమారు 6,500 ఉన్నచోట ఇదియొకటి యుండును. రెండవది ట్రిటియము. ఇది ప్రకృతిలో దొరకుట అత్యల్పము. పైగా నిలువయుండదు, పండ్రెండేండ్ల పైచిలుకు కాలములో సగము క్షయించిపోవును. ఈ రెండును కలిసిన ఒక గ్రాము ఇంధనము పూర్తిగా సంలీనమందినచో తొంబదివేల యూనిట్లకు పైబడిన వేడి పుట్టును. అంతటి వేడిని బొగ్గుతో పుట్టింపవలెనన్న బండ్లకొలది బొగ్గు కావలయును. పొగ లేదు, గాలిని వేడెక్కించు బొగ్గుపులుసు వాయువు లేదు. అందుచేతనే ఇన్ని దేశములు దీనికై ఇంత ధనము వ్యయము చేయుచున్నవి.

ఐతే ఈ కేంద్రకములన్నియు ధనవిద్యుత్తు గలవి. రెండును ఒకే జాతి విద్యుత్తు గలవి గనుక ఒకదాని నొకటి త్రోసివేసికొనును. ఆ విరోధమును దాటి అవి కలియవలెనన్న మిక్కిలి వేగముతో ఢీకొనవలయును. అనగా మిక్కిలి వేడిగా ఉండవలయును. సూర్యుని భారము వలన కలుగు నొత్తిడి మనకు లేదు గావున, మనకు కావలసిన వేడి సూర్యగర్భము కన్నను ఎక్కువ: పది కోట్ల డిగ్రీలకు పైమాట. ఆ వేడిలో వాయువు వాయువుగా నుండదు. పరమాణువులోని ఎలక్ట్రానులు విడిపోయి, విద్యుత్కణముల గుంపుగా మాఱును. దానికి ప్లాస్మా యని పేరు.

అంతటి వేడిని ఏ పాత్రలో పోయుదుము? ఇనుము నిలువదు, రాయి నిలువదు. అప్పుడొక ఉపాయము తోచినది. విద్యుత్కణము అయస్కాంత క్షేత్రములో ఇష్టము వచ్చినట్లు పోజాలదు. పందిరి తీగను చుట్టుకొని బీరపాదు ప్రాకునట్లు, అయస్కాంత రేఖను చుట్టుకొనియే పోవలయును. కావున నడుమ తూటు గల గారె ఆకారమున ఒక పాత్రను చేసి, దానిచుట్టు విద్యుత్తీగల చుట్టలను అమర్చినచో, ప్లాస్మా గోడను తాకక ఆ గారెలోనే తిరుగుచుండును. 1950, 1951 సంవత్సరములలో సోవియెట్ దేశమున ఈగర్ టామ్, ఆంద్రే సఖరోవ్ అను వారు ఈ ఆలోచన చేసిరి. అట్టి యంత్రమునకు టోకమాక్ అని పేరు వచ్చినది. 1968లో రష్యనులు తమ యంత్రములో కోటి డిగ్రీల వేడిని సాధించితిమని ప్రకటింపగా పలువురు నమ్మలేదు. మఱుసటి యేడు ఆంగ్ల శాస్త్రజ్ఞులు తమ సాధనములతో మాస్కో నగరమునకు పోయి, తామే కొలిచి చూచి, నిజమే యని చెప్పిరి. నాటినుండి లోకమంతటను టోకమాకులు వెలసినవి. మన దేశమున గుజరాతులోని గాంధీనగరము దగ్గఱ ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989లో పనిచేయ నారంభించిన ఆదిత్య యంత్రము ఈ జాతిలోనిదే.

ఇంతవరకు సాధించిన దెంత? ఇంగ్లండులోని కల్హమ్ అను చోట జెట్ అను పెద్ద టోకమాకు 1983 నుండి 2023 వరకు పనిచేసినది. 1997లో అది 16 మెగావాట్ల సంలీన శక్తిని క్షణకాలము చూపినది. అందుకు ప్లాస్మాను వేడిచేయుటకై లోనికి పంపిన శక్తి 24 మెగావాట్లు. 2023 అక్టోబరులో అయిదు సెకనుల పాటు మొత్తము 69 మెగాజౌళ్ల శక్తిని ఇచ్చినది. వ్యయమైన ఇంధనము ఒక గ్రాములో అయిదువేలవ వంతు మాత్రమే. ఇది గొప్ప విజయమే. ఐనను మన లెక్కలో చెప్పవలెనన్న 69 మెగాజౌళ్లనగా పందొమ్మిది యూనిట్ల వేడి. అయస్కాంత మార్గమున ఇంతవరకు, ప్లాస్మాకు పెట్టిన శక్తికన్న దానినుండి వచ్చిన శక్తి తక్కువగానే యున్నది. పెట్టుబడికన్న పంట తక్కువైన సేద్యమిది. ఈ సేద్యము గిట్టుబాటు కావలెనన్న ప్లాస్మాలోని వేడి బయటకు పోక ఇంకను ఎక్కువ కాలము నిలువవలయును. ఆ నిలుకడకును గోడకును సంబంధ మున్నదనుటే ఈ ప్రసంగమునకు ముఖ్యాంశము.

అయస్కాంతమే ప్లాస్మాను నిలిపి యుంచునపుడు గోడతో పనియేమి యని మీకు సందేహము కలుగవచ్చును. అయస్కాంతపు కంచె ముళ్లకంచె వంటిది. మందనంతయు ఆపును గాని, సందులనుండి ఒకటి రెండు జాఱిపోవుచునే యుండును. ప్లాస్మాలో సుడులు పుట్టి కణములను కొంచెము కొంచెముగా అంచునకు తోయుచుండును. అదియును గాక, సంలీనము వలన పుట్టిన హీలియమును బయటకు తీయవలయును. లేనిచో పొయ్యిలో బూడిద నిండినట్లు మంట చల్లాఱును. ఆ బూడిదను తీయుటకై పాత్ర అడుగున డైవర్టరు అను ఒక చోటును ఏర్పఱచి, అంచునకు వచ్చిన కణములన్నిటిని అచ్చటకే మళ్లింతురు. అందుచేత అచ్చట పడు వేడి భయంకరమైనది. ఫ్రాన్సు దేశమున కట్టబడుచున్న ఐటర్ అను మహాయంత్రములో ఆ చోట చదరపు సెంటీమీటరునకు సుమారు ఒక కిలోవాటు చొప్పున వేడి తగులునని లెక్క. విద్యుత్తు ఇస్త్రీపెట్టె వేడి యంతయు ఒక వ్రేలిగోరంత చోట, నిలుపు లేకుండ పడుచున్నట్లు తలచుకొనుడు.

అట్టి తాకిడికి నిలుచుటకు ఇంతవరకు ఎన్నుకొన్న లోహము టంగ్‌స్టెను. పాతకాలపు విద్యుద్దీపములలో ఎఱ్ఱగా కాలి వెలుగునిచ్చిన సన్నని తీగ ఈ లోహముతో చేసినదే. లోహములన్నిటిలో దీనికే కరగుటకు ఎక్కువ వేడి కావలయును: 3,400 డిగ్రీలకు పైగా. ఐనను దీనికి మూడు చిక్కులున్నవి.

మొదటిది, అఱుగుదల. కణములు ఎడతెగక వచ్చి తాకుచుండగా ఘనలోహపు పైభాగము నెఱ్ఱెలు వాఱును, అఱుగును, ఒక్కొక్కపుడు కరగి గడ్డకట్టి గరుకుబాఱును. ఘనమైన వస్తువునకు కలిగిన గాయము తనంత తాను మానదు.

రెండవది, మాలిన్యము. అఱిగిన టంగ్‌స్టెను రేణువులు ప్లాస్మాలోనికి పోవును. టంగ్‌స్టెను పరమాణువునకు 74 ఎలక్ట్రానులు. అంతటి వేడిలోను అవన్నియు ఊడిపోవు. మిగిలినవి ప్లాస్మానుండి వేడిని గ్రహించి కాంతిగా బయటకు వెదజల్లివేయును. ప్లాస్మాలోని లక్ష కణములలో కొద్దిపాటి టంగ్‌స్టెను చేరినను మంట ఆఱిపోవును. పాలలో ఉప్పురాయి పడినట్లే యగును.

మూడవది అన్నిటికన్న సూక్ష్మమైనది. మన విషయమునకు మూలమైనది. ప్లాస్మానుండి జాఱివచ్చిన వేడి ఉదజని కణము గట్టిగోడను తాకి, అచ్చట తన వేడిని పోగొట్టుకొని, చల్లని వాయువై తిరిగి ప్లాస్మాలోనికే వచ్చును. వచ్చిన కణములలో దాదాపు అన్నియు ఇట్లే తిరిగి వచ్చుచుండును. పొంగుచున్న పాలమీద చన్నీళ్లు చిలుకరించిన నేమగును? పొంగు అణగిపోవును గదా. గోడ ప్రతిక్షణము ప్లాస్మా అంచున చన్నీళ్లు చిలుకరించుచునే యున్నది. బయటినుండి వేడిని లోనికి పంపువాడు ఒకడు. చలువను చిలుకరించునది గోడ.

అంచు చల్లబడిన నడుమ నేల చెడును? దీనికొక నిదర్శనము చెప్పెదను. ఎసరు పెట్టిన కుండను చూడుడు. అడుగున వేడి, పైన చలువ. ఆ తేడా యున్నంతసేపు క్రింది నీరు పైకి, పై నీరు క్రిందికి తిరుగుచు సుడులు పుట్టును. ఆ సుడులే వేడిని అడుగునుండి పైకి మోసికొనిపోవును. నీరంతయు ఒకే వేడిలో నున్నచో ఆ సుడులకు కారణమే లేదు. ప్లాస్మాలోను కొంతవఱకు ఇట్లే. నడుమ కోట్ల డిగ్రీలు, అంచున చలువ. ఈ నిట్టవాలు వలననే సుడులు బలిసి, కష్టపడి కూర్చిన వేడిని బయటకు ఊడ్చివేయును. అంచుకూడ వేడిగానే యున్నచో వాలు తగ్గును, ఆ జాతి సుడులు తగ్గును, వేడి నిలుచును. కావున ప్లాస్మాను బాగుచేయవలెనన్న లోపలి మంటనే కాదు, బయటి గోడ స్వభావమును మార్పవలయునని కొందఱు శాస్త్రజ్ఞులు వాదించిరి. చలువను తిరిగి పంపని గోడ కావలయును.

గట్టిగోడమీదికి గులకరాయి విసరిన అది తిరిగి మనమీదికే వచ్చును. మడిలోని బురదలోనికి విసరిన అది అందే కూరుకొనిపోవును. ఉదజని కణమునకు బురదవంటి లోహమున్నదా? ఉన్నది. దాని పేరు లిథియము.

లిథియమును 1817లో స్వీడను దేశమున ఆర్ఫ్‌వెడ్‌సన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఒక రాతి ఖనిజములో కనుగొనెను. నేడు మన చేతిఫోనుల బ్యాటరీలలో నున్నది ఈ పదార్థమే. లోహములన్నిటిలో తేలికయైనది, బరువులో నీటికి సగము. 180 డిగ్రీల వేడికే, అనగా గారెలు వేగు నూనె వేడికే, కరగిపోవును. కరగినపుడు చూచుటకు పాదరసమువలె తళతళలాడును. దీనికి ఉదజని మీద మక్కువ మెండు. తాకిన ఉదజనిని తనలో కలుపుకొని తిరిగి విడువదు. దీని పరమాణువునకు మూడే ఎలక్ట్రానులు. ప్లాస్మాలోనికి కొంత పోయినను ఆ మూడును తొందరగా ఊడిపోవును గావున టంగ్‌స్టెనువలె వేడిని వెదజల్లదు. ద్రవరూపమున నున్నచో నెఱ్ఱెలు వాఱుటయు లేదు. చెఱువులో కడవ ముంచిన చోటు మరల నిండినట్లు, అఱిగిన చోటు తనంత తాను పూడుకొనును. పైన చెప్పిన మూడు చిక్కులకును ఒకే మందు దొరకినట్లు తోచుచున్నది గదా. ఐతే తోచుట వేఱు, చేసి చూచుట వేఱు. చేసి చూచిన విధమును చెప్పెదను.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున ప్రిన్స్‌టన్ నగరములో ఒక ప్లాస్మా పరిశోధనాలయ మున్నది. అచ్చట 1982 నుండి 1997 వరకు పనిచేసిన టి.ఎఫ్.టి.ఆర్. అను పెద్ద టోకమాకులో చిన్న చిన్న లిథియము గుళికలను ప్లాస్మాలోనికి విసరి చూచిరి. ఆ లిథియము పోయి గోడమీద పలుచని పూతగా పేరుకొనెను. అంత మాత్రముననే వేడి నిలుచు కాలము స్పష్టముగా పెరిగినది.

తరువాత అదే పరిశోధనాలయమున సి.డి.ఎక్స్.-యు. అను చిన్న యంత్రములో ఇంకొక అడుగు ముందుకు వేసిరి. పాత్ర అడుగున వలయాకారమైన పళ్లెమును పెట్టి, అందు లిథియమును కరగించి, ఆ కరగిన లోహము మీదనే ప్లాస్మాను నడిపిరి. ఆ లోహపు మడుగు వైశాల్యము సుమారు రెండువేల చదరపు సెంటీమీటర్లు. భోజనపు విస్తరాకులు రెండు మూడు పఱచినంత. వేడి నిలుచు కాలము అంతకుముందున్న దానికి ఆఱు రెట్ల వరకు పెరిగినది. ఈ ఫలితములు 2006లో ప్రకటింపబడినవి.

పిమ్మట ఎల్.టి.ఎక్స్. అను యంత్రమును ప్రత్యేకముగా లిథియము కొఱకే కట్టిరి. 2008లో దానియందు తొలి ప్లాస్మా పుట్టినది. ప్లాస్మా చుట్టును లోహపు తొడుగు నమర్చి, దాని లోతట్టున లిథియము పూసిరి. బయటినుండి వాయువును పంపుట మానిన వెంటనే కొలిచి చూడగా, అంచునకూడ ఇరువది లక్షల డిగ్రీలకు పైగా వేడి కనబడినది. నడుమకును అంచునకును వేడిలో భేదము దాదాపు లేకపోయినది. సిద్ధాంతము పదేండ్లకు ముందు చెప్పిన ఆ చదునైన వేడి 2017లో ప్రకటించిన ఈ కొలతలలో కంటికి కనబడినది. ఐనను మఱువరాని మాట యొకటి యున్నది. ఇవి చిన్న యంత్రములు; ప్లాస్మా రెప్పపాటు కాలము మాత్రము నిలుచునవి. చిన్న మడిలో పండిన విత్తనము పెద్దచేనిలో పండునని ముందుగా ఎవరును హామీ ఇయ్యలేరు.

అదే ప్రిన్స్‌టనులో ఎన్.ఎస్.టి.ఎక్స్. అను మఱియొక యంత్రమున వేఱొక మేలు కనబడినది. మంచి ప్లాస్మా అంచున మాటిమాటికి చిన్న చిన్న ప్రేలుళ్లవంటివి పుట్టి, వేడిని ఒక్కసారిగా గోడమీదికి చిమ్ముచుండును. లిథియము పూత పూసిన తరువాత ఆ చిమ్ములు అణగిపోయినవి. కాని ఆ చిమ్ములే ఇంతకాలము మాలిన్యమును కూడ బయటకు ఊడ్చుచున్నవని అప్పుడు తెలిసినది. అవి ఆగిపోగా ప్లాస్మాలో మాలిన్యము పేరుకొనసాగెను. ఒక మేలు వచ్చునపుడు వెంట ఒక కొత్తపని వచ్చుట లోకసహజము.

ఇక కరగిన లోహము గోడగా నిలుచుట యెట్లు? పళ్లెములో పోసినది అడుగున నుండును. ప్రక్కలను, పైకప్పును ఎట్లు కప్పును? దీనికి మన యింటి ప్రమిదలోనే సమాధాన మున్నది. వత్తి తన సన్నని సందుల గుండ నూనెను పైకి లాగికొనును. కొన మండినకొలది క్రిందినుండి నూనె వచ్చుచునే యుండును. ప్రమిదను కొంచెము వంచినను వత్తిలోని నూనె కాఱిపోదు. ఇట్లే సన్నని లోహపుతీగలతో నేసిన వలలోనికి లిథియమును ఎక్కించినచో, ఆ సన్నని రంధ్రములే దానిని పట్టి యుంచును. నిలువుగా పెట్టినను, తలక్రిందుగా పెట్టినను జాఱదు. పైన ఆవిరియై పోయినంత వెనుకనుండి ఊఱి వచ్చును. రష్యా శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని వృద్ధిచేసిరి. ఇటలీలోని ఫ్రస్కాటి టోకమాకులో 2006 నుండి ఇట్టి లిథియపు వలలను ప్లాస్మా అంచున పెట్టి పరీక్షించిరి.

రెండవ పద్ధతి ప్రవాహము. లోహమును పిల్లకాలువ నీటివలె పాఱించినచో, అది వేడిని, చిక్కిన ఉదజనిని మోసికొని బయటకు పోవును. బయట శుభ్రపఱచి మరల లోనికి పంపవచ్చును. చైనాలోని హఫై నగరమున ఈస్ట్ అను టోకమాకులో 2014 నుండి, లోహపు పలక మీద పలుచగా జాఱు లిథియముతో ప్రయోగములు చేసిరి. కాని అయస్కాంత క్షేత్రములో లోహమును పాఱించుట నీటిని పాఱించినంత సులభము కాదు. క్షేత్రములో లోహము కదలిన దానిలో విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే మహాశయుడు కనుగొన్న ధర్మమిదియే. మన విద్యుత్కేంద్రములలో పెక్కు దీనివలననే నడచుచున్నవి. మఱుసటి యేడు ఆయన లండనులోని వాటర్లూ వంతెన మీదినుండి థేమ్సు నదిలోనికి తీగలు దించి, భూమి అయస్కాంతములో పాఱుచున్న నదియందు విద్యుత్తును కొలువ యత్నించెను. నదిలో చిక్కనంత బలహీనమైన ఆ విద్యుత్తు టోకమాకులో మిక్కిలి బలమైనది. అట్లు పుట్టిన విద్యుత్తు ప్రవాహమునకు ఎదురు నిలిచి దాని నడ్డగించును. ఒక్కొక్కయెడ లోహపు బొట్లను పైకి ఎగురగొట్టి ప్లాస్మాలో పడవేయును. తెలివిగల ఇంజనీర్లు ఆ శక్తినే తిప్పి, విద్యుత్తును తామే పంపి, లోహమును తోయు పంపుగా వాడుకొనుచున్నారు. ఎదురుగాలికే తెరచాప త్రిప్పినట్లన్నమాట.

ఇప్పుడు లిథియము దోషములను కూడ దాచక చెప్పవలయును. మొదటిది, వేడికి హద్దు. నాలుగైదువందల డిగ్రీలు దాటినచో ఇది మిక్కుటముగా ఆవిరియగును. ఉదజనిని పట్టుకొను గుణమును కోల్పోవును. ఆ ఆవిరి కొంత మేలే. ప్లాస్మాకును గోడకును నడుమ మేఘమువలె నిలిచి వేడిని పంచివేయును. కాని ఎక్కువైనచో ప్లాస్మాయే పలుచనగును. రెండవది, నీటితో వైరము. లిథియమునకు నీరు తగిలిన ఉదజని వెలువడి మండిపోవును. అందుచేత గోడను చల్లార్చుటకు నీటికి మాఱుగా వాయువు మొదలగు వేఱు సాధనములను వెదకవలసియున్నది. మూడవది అన్నిటికన్న పెద్దది. లిథియము పట్టుకొనునది ఉదజనిని మాత్రమే కాదు, దాని జాతిదే యైన ట్రిటియమును కూడ పట్టుకొనును. ట్రిటియము దుర్లభమనియు, నిలువయుండదనియు ముందే చెప్పితిని. గోడలో దాగిన ట్రిటియమును ఎప్పటికప్పుడు రాబట్టవలయును. లేనిచో ఇంధనమంతయు గోడపాలగును, పాత్రలో రేడియో ధార్మికత పోగగును.

ఇందొక వింత యున్నది. ట్రిటియమును పుట్టించునదియు లిథియమే. సంలీనములో వెలువడు న్యూట్రాను అను కణము మొత్తము శక్తిలో అయిదింట నాలుగు పాళ్లు మోసికొని గోడను దాటిపోవును. గోడ వెనుక లిథియము నుంచినచో ఆ న్యూట్రాను దానిని తాకి ట్రిటియమును పుట్టించును. కన్నతల్లియు, కడుపులో దాచుకొనునదియు ఒకటే. తల్లి ఒడినుండి బిడ్డను మరల రాబట్టు విద్యను బాగుగా నేర్చిననాడు ఈ చిక్కు తీరును.

లిథియమునకు బదులు తగరమును వాడవచ్చునని కొందఱందురు. మన పాత్రలకు కళాయివేయు తగరమే. ఇది 232 డిగ్రీలకు కరగును, తొందరగా ఆవిరి కాదు, ట్రిటియమును దాచుకొనదు. కాని ఉదజనిని పట్టుకొనదు గనుక అంచు వేడిగా నుండు మేలు దీనివలన కలుగదు. పైగా దీని పరమాణువునకు 50 ఎలక్ట్రానులు గనుక, ప్లాస్మాలోనికి పోయిన మాలిన్యమే. ఫ్రస్కాటిలో తగరమును కూడ పరీక్షించిరి. గోడను కాపాడుట మాత్రమే కోరినచో తగరము. మంటను కూడ బాగుచేయగోరినచో లిథియము. ఎంపిక ఇక్కడనున్నది.

మన దేశము కూడ భాగస్వామియైన ఐటర్ యంత్రమునకు ఘనమైన టంగ్‌స్టెను గోడనే నిర్ణయించినారు. ఇది పొరపాటని నేననను. అంత పెద్ద యంత్రమున, చిన్నవానిలో మాత్రమే చూచిన పద్ధతిని పెట్టుట సాహసమగును. భారతదేశము ఆ యంత్రమునకు, దానినంతటిని లోపల నిలుపుకొను మహత్తరమైన శీతల కవచమును ఉక్కుతో చేసి యిచ్చినది. గాంధీనగరపు ఆదిత్యలోను లిథియముతో గోడను సిద్ధపఱచు ప్రయోగములు జరిగినవి. ద్రవలోహపు గోడ ఐటరు తరువాత రాబోవు యంత్రములకై జరుగుచున్న పరిశోధన. వేడి ఎక్కువకాలము నిలుచునట్టి గోడ దొరకినచో యంత్రము చిన్నదైనను చాలును. యంత్రము చిన్నదైన వ్యయము తగ్గును. వ్యయము తగ్గిననే విద్యుత్తు సామాన్యునికి అందును. గోడ ప్రశ్నలో ఇమిడియున్న అసలు ప్రయోజనమిది.

పెద్దలారా, కృత్రిమ సూర్యుడు సిద్ధమైనాడని పత్రికలలో తఱుచుగా వార్తలు వచ్చుచుండును. పిల్లలు వచ్చి మీకు చదివి వినిపింతురు. అట్టి వార్త వినినపుడు మూడు ప్రశ్నలు వేయుడు. లోనికి ఎంత పంపిరి, బయటకు ఎంత వచ్చినది? ఎంతసేపు నిలిచినది? గోడ యేమైనది? మొదటి రెండు ప్రశ్నలకు జవాబు తఱుచుగా ఆ వార్తలోనే యుండును. మూడవది అడుగువారు తక్కువ. కాని పొయ్యి పెట్టినవారికి, ఆవము కట్టినవారికి, కొలిమి నడపినవారికి ఆ ప్రశ్న సహజముగనే తోచును. రేపే మన మోటార్లకు ఈ విద్యుత్తు వచ్చునని నేను చెప్పజాలను. వచ్చుటకు ముందు తీరవలసిన పనులలో నొకటి యేదో, దానికై ఏ దేశమున ఏమి చేయుచున్నారో మాత్రము మీ ముందుంచితిని. మొండిగా ఎదిరించి నిలువబోయిన గోడ నెఱ్ఱెలు వాఱుచున్నది. మెత్తబడి తనలో కలుపుకొన్న గోడ మంటను నిలుపుచున్నది. ఆ మెత్తని గోడను లొంగదీసికొనుటయే ఇప్పుడు మిగిలిన పని.